గుట్టలు దీవులైన చోట

తెలుగు యాత్రా సాహిత్యంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే క్రియాపదం 'చూశాం'. గుడి చూశాం, జలపాతం చూశాం, అక్కడి జనాన్ని చూశాం. 'అడిగాం' అన్న మాట దాదాపు కనిపించదు. దారి అడగడం గురించి కాదు నేను మాట్లాడుతున్నది, అనుమతి అడగడం గురించి. ఒకరి ఇంటికి వెళ్తున్నామన్న స్పృహ రచయితలో ఉంటే ఆ మాట ఎక్కడో ఒకచోట రాకుండా ఉండదు. కథలో, కవిత్వంలో ఇల్లు ఎవరిది, వాకిలి ఎవరిది అని నిలదీసిన స్త్రీవాద విమర్శ, యాత్రా రచన దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మెత్తబడింది. బహుశా స్త్రీ గడప దాటి బయటికి వెళ్ళడమే ఒక విజయం కాబట్టి, ఆమె వెళ్ళిన చోటు ఎవరిదన్న ప్రశ్న రెండోది అయిపోయిందేమో. ఆ రెండో ప్రశ్నను ముందుకు తేవాల్సిన అవసరం మా ఊరి వల్లనే నాకు తెలిసి వచ్చింది.

మాది కొల్లాపూర్. మామిడిపండ్లకూ, సంస్థానానికీ పేరున్న ఊరు. ఇప్పుడు కొత్తగా ఇంకో పేరు వచ్చింది. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న సోమశిలను 'మినీ మాల్దీవులు' అంటున్నారు. ఆదివారం అనుబంధాల్లో, టూరిజం కరపత్రాల్లో, ఫోన్లలో చూసే చిన్న చిన్న వీడియోల్లో అదే మాట. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం సోమశిలను ఆధ్యాత్మిక, స్వస్థత విభాగంలో ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అదే ఏడాది నవంబరులో సోమశిల నుంచి శ్రీశైలానికి పెద్ద లాంచీ మొదలైంది, ఒకవైపు ప్రయాణానికి పెద్దలకు 2,000 రూపాయలు. సోమశిల, నల్లమల ప్రాంతంలో ఆధ్యాత్మిక విశ్రాంతి కేంద్రాల కోసం కేంద్రం 68 కోట్ల 10 లక్షలు మంజూరు చేసింది. ఆ ప్రణాళికల్లో అమరగిరి పేరు 'అమరగిరి ఐలాండ్'గా కనిపిస్తుంది.

ఈ మధ్య ఇలాంటి రచనలు ఓ ఇరవై ముప్పై ఒకచోట పెట్టుకుని చదివాను. వాటి నిర్మాణం ఒక్కటే. నగరంలో అలసిపోయిన మనిషి, తెల్లవారుజామున కారు ప్రయాణం, ఒక్కసారిగా కంటి ముందు నీలి నీళ్ళు, నీళ్ళ మధ్య పచ్చని దీవులు, పుట్టివాళ్ళ దగ్గర కొని అక్కడే వండించుకున్న చేపల పులుసు, సూర్యాస్తమయం. మనుషులు ఉండరు. ఉంటే ఒక పేరాలో చెంచులు ఉంటారు, విల్లంబులతో, 'ప్రకృతి ఒడిలో', 'అమాయకంగా'. ఆడవాళ్ళయితే తేనె, తునికాకు, నవ్వు. వాళ్ళు మాట్లాడిన ఒక్క వాక్యం కూడా నాకు ఆ రచనల్లో దొరకలేదు. మాల్దీవులు అన్న పోలిక కూడా ఊరికే రాలేదు. ఎవరూ లేని తీరం మన కోసం ఎదురు చూస్తోందన్న భ్రమను అమ్మడానికి ప్రపంచమంతా వాడే పేరు అది. అసలు మాల్దీవుల్లో కూడా మనుషులున్నారు, చేపలు పట్టేవాళ్ళున్నారు, ప్రభుత్వాలు కూలడం నిలవడం ఉంది. పోలిక తెచ్చినవాళ్ళకు అవేవీ అక్కరలేదు.

మా దగ్గర దీవులు సముద్రం పెట్టినవి కావు. అవి గుట్టలు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు గుట్టల నడుములు మునిగి తలలు మిగిలాయి. వాటి నడుమ, కింద, ఊళ్ళు ఉండేవి. ప్రాజెక్టు కోసం ఇంచుమించు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి, నిర్వాసితులు లక్షకు పైమాటే. 1981 వేసవి చివర్లో ఇండ్లు ఖాళీ చేయించడానికి ప్రభుత్వం చేపట్టిన చర్యకు పెట్టిన పేరే 'ఆపరేషన్ డిమాలిషన్'. అంత నిజాయితీగల పేరు ప్రభుత్వం మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు. జటప్రోలు, మంచాలకట్ట, మల్లేశ్వరం, పాత సోమశిల, ఇవన్నీ కొత్త చోట్లలో అవే పేర్లతో బతుకుతున్నాయి. గుళ్ళను రాయి రాయికీ అంకె వేసి విప్పి గట్టు మీద మళ్ళీ కట్టారు. సోమశిలలో యాత్రికులు మొక్కే ఆలయాలు అలా తరలి వచ్చినవే. ఇండ్లకు అంకెలు వేయలేదు.

మా అమ్మమ్మది ముంపు ఊరే. ఆ ఊరి గురించి మా తాత చెప్పేటప్పుడు ఎకరాలు వచ్చేవి, పరిహారం వచ్చేది, కోర్టు వచ్చేది. అమ్మమ్మ చెప్పేటప్పుడు బావి దగ్గర ఎవరి వంతు తర్వాత ఎవరిదన్నది వచ్చేది. ఏ రేవులో దిగితే కాలు జారదో, ఏటి ఒడ్డు చౌడుతో ఏ బట్టలు తెల్లగా వస్తాయో, ఎండాకాలం చెలిమె ఎంత లోతు తీయాలో. ఆ తెలివిడికి పట్టా లేదు కాబట్టి పరిహారం లేదు. 1986లో వచ్చిన 98వ నంబరు జీవో ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అంది. దాని కోసం కొల్లాపూర్ పిల్లలు తల నెరిసేదాకా ధర్నాలు చేశారు. 'కుటుంబం' అన్న ఆ మాటలో కూతురు ఎక్కడుంది, ఒంటరి ఆడది ఎక్కడుంది అన్న చర్చ ఆ ధర్నా శిబిరాల్లో కూడా పెద్దగా జరగలేదు. లాంచీ కిటికీలోంచి కనిపించే నీలి నీళ్ళ అడుగున ఉన్నది ఇదంతా. 2007 జనవరిలో మంచాలకట్ట వైపు వస్తున్న పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. ఒకప్పుడు నడిచి, ఎండాకాలం ఏరు దాటి వెళ్ళిన చుట్టరికాలకు ఆ తర్వాత పడవే దిక్కయింది. ఆ నీళ్ళనే ఇప్పుడు 'ప్రశాంతమైన' అన్న విశేషణం లేకుండా ఎవరూ రాయడం లేదు.

నాకు ఆసక్తి కలిగించిన మాట ఇంకొకటి ఉంది. మా పాలమూరు భాషలో దీవికి వాడుక మాట లేదు. గోదావరి వాళ్ళకు లంక ఉంది. మాకు తిప్ప ఉంది, గట్టు ఉంది, గుట్ట ఉంది. లాంచీ దారిలో చీమలతిప్ప అని ఒకటుంది, పేరులోనే దాని పుట్టుక ఉంది. అమరగిరిలో ఒక చెంచు అవ్వను నీళ్ళ మధ్య కనిపిస్తున్నదాన్ని చూపించి ఆ దీవిలో ఏముందని అడిగాను. ఆమెకు నా మాట అర్థం కాలేదు. చెయ్యి చూపించిన తర్వాత, "గుట్టా? గుట్ట ఏడికి పోతది బిడ్డా! నీళ్ళు వచ్చినయ్ గని గుట్ట గుట్టనే" అంది. ఆ గుట్ట మీద ఏ గడ్డలు తవ్వేవాళ్ళో, ఏ చెట్టు తొర్రలో తేనె ఉండేదో వరసగా చెప్పుకుపోయింది. టూరిజం వాళ్ళ పటంలో అది ఖాళీ దీవి. ఆమె నాలుక మీద అది నిండు వంటిల్లు.

చెంచులకు తమ అడవి ఎల్లలు తెలియవని, అంతా అందరిదీ అనుకునే ఆదిమ అమాయకత్వం వాళ్ళదని మన రచయితలు ఎంతో ప్రేమగా రాస్తుంటారు. ఆ ప్రేమ చాలా ప్రమాదకరమైనది. 1940లో నల్లమలకు వచ్చి చెంచుల మధ్య గడిపిన హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతి నమోదు చేశాడు. ఒక్కో పెంటకు, ఒక్కో గుంపుకు తనదైన నేల ఉంది, ఎల్లలు ఉన్నాయి. ఎవరి గుట్ట ఎవరిదో అందరికీ తెలుసు. మగవాడు భార్య పుట్టింటి గుంపుతో కలిసి, వాళ్ళ నేల మీద బతకవచ్చు. అంటే ఆడమనిషి ద్వారా కూడా నేల మీద హక్కు నడుస్తుంది. ఆలుమగలు సమాన భాగస్వాములుగా కనిపించారని, ఇష్టం లేని కాపురంలోంచి స్త్రీ బయటికి రాగలదని కూడా ఆయన గమనించాడు. వలస పాలన నీడలో పనిచేసిన మానవ శాస్త్రవేత్త చూపును మనం అనుమానించాల్సిందే. 'అడవి జాతి' అని పుస్తకం పేరులోనే పెట్టుకున్నవాడు. అయినా ఆయన రాసిన ఎల్లల సంగతి, మన పర్యాటక రచయితలు ఎనభై ఏళ్ళ తర్వాత కూడా అందుకోలేని సంగతి.

శ్రీశైలం యాత్రికుల నుంచి చెంచులు రుసుము తీసుకునేవాళ్ళన్నది పాత రికార్డుల్లో ఉన్న విషయమే. దారి చూపినందుకు, కాపు కాసినందుకు, తమ నేల మీదుగా పోనిచ్చినందుకు. కంపెనీ అధికారులు, భక్తులు దాన్ని బలవంతపు వసూలు అన్నారు, ఒక్కోసారి దోపిడీ అన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయల్దేరి అహోబిలం, శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటి మా పెంట్లవెల్లి, వనపర్తి మీదుగానే హైదరాబాదు వైపు వెళ్ళాడు. కాశీయాత్ర చరిత్ర తెలుగు యాత్రా రచనకు మూలస్తంభం, నిజమే. ఎంత ఖర్చయింది, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, ఏ జమీందారు ఎలాంటివాడు అన్న లెక్కల్లో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆయన దారిలో అడవి ఒక ఆటంకం, చెంచు ఒక కాపలావాడు. అతిథి తానేనని, ఆతిథ్యం ఇస్తున్నది వాళ్ళని ఆ చూపుకు తోచదు. ఈరోజు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి డబ్బు కట్టించుకుంటున్నది అటవీ శాఖ. దాన్ని ఎవరూ దోపిడీ అనరు, పర్యావరణ రుసుము అంటారు. రసీదు ఇచ్చే చెయ్యి మారితే మాట కూడా మారుతుంది.

అడగకుండా ఇంట్లోకి వచ్చేయడానికి మన సాహిత్యం ఒక అందమైన దారి కూడా వేసి పెట్టింది. దాని పేరు చెంచులక్ష్మి. నరసింహుడు అడవికి వస్తాడు, చెంచు పిల్లను ప్రేమిస్తాడు, పెళ్ళాడతాడు, అల్లుడవుతాడు. అహోబిలంలో పార్వేట ఉత్సవం పేరుతో స్వామి నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి ఆ పెళ్ళికి పిలుస్తాడు. యక్షగానాల నుంచి 1943, 1958 నాటి సినిమాల దాకా ఈ కథ నడిచింది. చెంచుల వైపు నుంచి చూస్తే ఇందులో గర్వం ఉంది, దేవుణ్ణి మా అల్లుడని వరస పెట్టి పిలవగలిగే అధికారం ఉంది. దాన్ని తీసిపారేయలేం. కానీ సినిమా కెమెరా ఆ అధికారాన్ని పట్టుకోదు. పూలు ముడుచుకున్న అడవి పిల్ల, చెట్టెక్కడం నేర్పే ఆట, సిగ్గు, ఇవే దానికి కావాలి. ఆడదాని శరీరం అడవికి తలుపు అవుతుంది. ఆ తలుపు తెరిచాక పెళ్ళికూతురి పుట్టింటివాళ్ళ నేల ఏమైందని కథ అడగదు. మా ఇండ్లలో ఆడపిల్ల పెళ్ళి కథలు కూడా ఇంతే కదా, అల్లుడి మర్యాదల దగ్గర ఆగిపోతాయి.

ఈ చోట నాకు పనామా దేశపు గున ప్రజలు గుర్తొస్తారు. కరీబియన్ సముద్రంలో మూడు వందలకు పైగా చిన్న చిన్న దీవులు, వాటి ఎదురుగా తీరం వెంట అడవి, ఇదంతా వాళ్ళ గున యాల. అచ్చంగా క్యాలెండర్ బొమ్మలాంటి కొబ్బరిచెట్ల దీవులు. అక్కడికి వెళ్ళేవాళ్ళు గునల మహాసభ పెట్టిన చెక్‌పోస్టులో డబ్బు కట్టి వెళ్ళాలి. బయటివాళ్ళు అక్కడ భూమి కొనలేరు, హోటలు పెట్టలేరు. 1996లో మహాసభ చేసుకున్న పర్యాటక నిబంధనావళి ఆ వ్యాపారం గునల చేతిలోనే ఉండాలంది. అంతకుముందు విదేశీయులు వచ్చి కట్టుకున్న విశ్రాంతి గృహాలను వాళ్ళు వెళ్ళగొట్టారు కూడా. ఇదంతా ఎవరో దయతో ఇచ్చింది కాదు. 1925 ఫిబ్రవరిలో తిరగబడి తెచ్చుకున్నది.

ఆ తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఒకటి మనం ఆగి చదవాల్సింది. గునలను 'నాగరికుల'ను చేయాలనుకున్న పనామా ప్రభుత్వం పోలీసులను పెట్టి స్త్రీల ముక్కు రింగులు తీయించింది, కాళ్ళకు చుట్టుకునే పూసల పట్టీలు విప్పించింది, మోల రవికలు వేసుకోవద్దంది. గుడ్డ మీద గుడ్డ పేర్చి, పై పొరలు కత్తిరించి, కింది రంగులు బయటికి వచ్చేలా కుట్టే పనే మోల. ఒక జాతి తన రాజకీయ స్వాతంత్ర్యానికి గుర్తుగా ఆడవాళ్ళ రవికను నిలబెట్టుకున్న సందర్భం చరిత్రలో ఎన్ని ఉన్నాయి? అయితే దీన్ని చదివి వెంటనే పొంగిపోవడం కూడా నాకు ఇష్టం లేదు. జాతి గౌరవాన్ని స్త్రీ ఒంటి మీద మోయించడం మనకు బాగా తెలిసిన వ్యవహారమే. గున ఊళ్ళ సభల్లో పెద్దరికం ఎక్కువగా మగవాళ్ళదే. కానీ ఒక తేడా ఉంది. మోల కుట్టేది, అమ్మేది, ఆ డబ్బు చేతిలో ఉంచుకునేది స్త్రీ. పెళ్ళయ్యాక మగవాడే ఆమె ఇంటికి వస్తాడు. తమ ఆకృతులను బయటి కంపెనీలు దొంగిలించకుండా 2000లో పనామా చట్టం చేసేదాకా వాళ్ళు వదల్లేదు. పర్యాటకుల రాతల్లో గున స్త్రీల మీద తరచుగా కనిపించే ఫిర్యాదు ఒకటుంది. ఫొటో తీసుకుంటే ఒక డాలరు అడుగుతారట. స్వర్గంలో డబ్బు వాసన వచ్చిందని వాళ్ళ బాధ. తన ముఖం ఊరకే దొరకదని చెప్పే ఆడదాన్ని చూసి ఇబ్బంది పడని యాత్రికులు తక్కువ.

ఆ స్వర్గం కూడా నిలకడైనది కాదు. సముద్రం పెరిగి, జనం పెరిగి, 2024 జూన్‌లో గర్ది సుగ్దుబ్ దీవి నుంచి దాదాపు 300 కుటుంబాలు తీరం మీద కట్టిన కొత్త కాలనీకి మారాయి. ఇక మాకు మరీ దగ్గరి కథ గున యాలది కాదు, తీరానికి లోపల బయానో నది దగ్గరిది. అక్కడ 1970లలో జలవిద్యుత్తు కోసం ఆనకట్ట కట్టి గున, ఎంబెరా ప్రజల నేలను ముంచారు. ఇస్తామన్న పరిహారం పూర్తిగా ఇవ్వలేదు. 2014లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం పనామా ప్రభుత్వాన్ని తప్పుబట్టింది, వాళ్ళ సామూహిక భూమి హక్కును కాపాడలేదని. ఒకే జాతి, ఒకే దేశం. ఒకచోట దీవులకు తామే యజమానులు, ఇంకోచోట ముంపు నిర్వాసితులు. మా కృష్ణ ఒడ్డున ముంపు ఉంది, దీవులున్నాయి, యాజమాన్యం మాత్రం లేదు.

చట్టాలు లేవని కాదు. అమ్రాబాద్ పీఠభూమి ఐదో షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం గ్రామసభను అడగమంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల వంటి ఆదిమ సమూహాలకు ఒక్కో కుటుంబపు నాలుగు గుంటలు కాదు, మొత్తం ఆవాసం మీద హక్కును గుర్తించమంటుంది. 2019లో యురేనియం కోసం నల్లమలను తవ్వుతారన్నప్పుడు చెంచు పెంటల్లో ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు, కవులు కదిలారు, ఆ సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అప్పుడు మనమంతా వాళ్ళ పక్కన నిలబడ్డాం. తవ్వకం కనిపించే శత్రువు. లాంచీ, కుటీరం, స్వస్థత కేంద్రం అలా కనిపించవు, పైగా మనకూ అందులో ఒక టికెట్టు ఉంటుంది. ఈలోగా కోస్తా నుంచి వచ్చిన వ్యాపారుల అలివి వలలు చేపపిల్లలతో సహా ఊడ్చుకుపోతుంటే చెంచులకు మిగిలేది కూలి. 2024 జూన్‌లో మా కొల్లాపూర్ మండలంలోనే ఒక చెంచు స్త్రీని, భూమి, కూలి తగాదాలో, రోజుల తరబడి నిర్బంధించి చిత్రహింసలు పెట్టారు. ఆ వార్త, 'మినీ మాల్దీవులు' వార్త కొద్ది నెలల తేడాతో అవే జిల్లా పేజీల్లో వచ్చాయి. ఒకదాన్ని ఇంకొకటి తాకలేదు.

ఇప్పుడు మన సంగతి. పోతం జానకమ్మ 1870లలో ఇంగ్లండు చూసి వచ్చి రాసిన నాటి నుంచి, నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' మీదుగా, తెలుగు స్త్రీల యాత్రా రచన ఒక స్వేచ్ఛా ప్రకటన. రచయిత్రులం బృందాలుగా అడవులకు, ముంపు ఊళ్ళకు వెళ్ళిన యాత్రల మీద వచ్చిన వ్యాసాలు నాకు ఇష్టమైన చదువు. పిల్లల్ని, వంటని వదిలి మూడు రోజులు వెన్నెల్లో కూర్చోగలగడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. కానీ ఆ వ్యాసాల్లో తరచుగా ఒక వాక్యం వస్తుంది, అడవి మమ్మల్ని అక్కున చేర్చుకుందని. అడవి ఎవరినీ చేర్చుకోదు. ఎవరో ఒకామె నీళ్ళు తెచ్చింది, ఎవరో ఒకామె గుడిసె ఖాళీ చేసి పక్కింట్లో పడుకుంది. ఆమె పేరుతో, ఆమె పెట్టిన షరతులతో రాసిన యాత్రా రచన కోసం నేను వెతుకుతున్నాను. సోమశిల లాంచీ దారిలో అక్కమహాదేవి గుహలున్నాయి. పన్నెండో శతాబ్దంలో ఇల్లూ రాజసమూ వదిలి శ్రీశైలం అడవికి నడిచి వచ్చిన ఆ కవయిత్రి మనందరికీ ఆదర్శం. ఆ అడవిలో ఆమె ఏం తిని బతికింది, ఎవరు దారి చూపారు అన్నది మన వ్యాఖ్యానాల్లో లేదు.

అలాగే రాయని యాత్రా రచన ఇంకొకటుంది, అడవి నుంచి మన వైపు చేసిన ప్రయాణం. అమరగిరి అవ్వను కొల్లాపూర్‌కు ఎప్పుడన్నా వచ్చావా అవ్వా అంటే నవ్వింది. "రాకేం బిడ్డా. మీ ఊరంత తిరిగిన. ఎవరింటి అరుగు ఎంత ఎత్తుందో చెప్త." తేనె, జిగురు, చింతపండు మోసుకుని వచ్చేదట. ఆమె వర్ణనలో మా రాజావారి బంగళా ఒక్క ముక్కలో అయిపోయింది, గోడ పొడుగు కాబట్టి నీడ బాగుంటుంది. మామిడి తోటలంటే కాపలా కుక్కలు. ఆ తర్వాత ఆమె చాలాసేపు మా ఇండ్ల ఆడవాళ్ళ గురించి చెప్పింది. సీసా మూత తీయంగనే వేలు పెట్టి నాకుతారట. చిన్న పిల్లలకు ఇంత నాకిస్తారట. పక్కింటి ఆమెను పిలిచి ఆమెకూ ఒక వేలు. "ఆఖరికి బెల్లంపాకం కలిపినవా అని అడుగుతరు. అడిగేది ముందుగాల అడగొద్దా?" అంది.